రోగం రాని చేలో రకం బలం తెలియదు: కొండ మొక్కజొన్న, ఆకు ఎండు తెగులు పరీక్ష

ఈ రోజు ఎపిసోడ్ ఒక మెసేజ్ వల్ల చేస్తున్నాను. పోయిన వారం ఒక తమ్ముడు ఫొటో పంపాడు. డిగ్రీ చదువుతున్నాడు. వాళ్లది ఏజెన్సీ ఏరియా, కొండవాలు మీద ఎకరంన్నర మొక్కజొన్న. ఫొటోలో ఆకు మీద పొడుగ్గా బూడిదరంగు మచ్చలున్నాయి. కింద ఇలా రాశాడు.

"అన్నా, విత్తనం ప్యాకెట్ మీద తెగుళ్లను తట్టుకుంటుందని ఉంది. షాపులో కూడా అదే చెప్పారు. కింద మైదానంలో ఇదే రకం వేసినవాళ్లకి ఏమీ కాలేదంట. మాకు మాత్రం గింజ పాలు పోసుకోకముందే కింది నుంచి ఆకులన్నీ ఎండిపోతున్నాయి. విత్తనానికీ ఎరువుకీ తెచ్చిన అప్పు అలాగే ఉంది. మమ్మల్ని మోసం చేశారా? లేకపోతే మా నాన్నే ఏదైనా తప్పు చేశాడా?"

ఆ చివరి ప్రశ్న దగ్గర నేను ఆగిపోయానండి. పంట పోయిన ప్రతి ఇంట్లో ఈ మాట వస్తుంది. అమ్మ నాన్నని అంటుంది, నాన్న షాపువాడిని అంటాడు. కానీ ఇక్కడ మూడో సంగతి కూడా ఉండొచ్చు. ఆ రకాన్ని పరీక్ష చేసిన చోట ఈ తెగులు గట్టిగా వచ్చి ఉండకపోవచ్చు. తెగులు రాని చేలో ప్రతి రకమూ గట్టిదే! పరీక్ష రాయని పిల్లాడు ఫెయిల్ అవ్వడు కదా, అలాగన్నమాట.

అందుకే ఈ రోజు ఒక్క విషయమే మాట్లాడుకుందాం. ఒక మొక్కజొన్న రకం ఆకు తెగులును తట్టుకుంటుందని ఎలా తేలుస్తారు? ముఖ్యంగా కొండల మీద ఎలా తేలుస్తారు? ఆఖర్లో ఆ తమ్ముడు వచ్చే సీజన్‌లో వాళ్ల చేలోనే ఏం చేసుకోవచ్చో చెప్తాను. స్కిప్ చేయకుండా చూడండి.

ముందు ఈ తెగులు ఏంటో చూద్దాం

దీని పేరు టర్సికమ్ ఆకు ఎండు తెగులు. ఒక శిలీంధ్రం, అంటే ఫంగస్ వల్ల వస్తుంది. 1876లో ఇటలీలో పాసెరిని అనే శాస్త్రవేత్త ఈ శిలీంధ్రాన్ని మొదట వర్ణించాడు. అంటే ఇది నిన్నా మొన్నా పుట్టిన జబ్బు కాదు.

గుర్తుపట్టడం ఇలా. మొదట కింది ఆకుల మీద నీటిలో నానినట్టు చిన్న మచ్చ వస్తుంది. అది ఆకు పొడవునా సాగుతుంది. మధ్యలో వెడల్పుగా, రెండు కొనల దగ్గర సన్నగా, చుట్ట ఆకారంలో ఉంటుంది. పొడవు 2.5 సెంటీమీటర్ల నుంచి 15 సెంటీమీటర్ల దాకా పోవచ్చు. రంగు మొదట బూడిద-ఆకుపచ్చ, తర్వాత ఎండుగడ్డి రంగు. తేమగా ఉన్న రోజు దగ్గరగా చూస్తే మచ్చ మీద నల్లటి మసిలా కనిపిస్తుంది. ఆ మసిలో ఉన్నవే దాని సిద్ధబీజాలు, అంటే స్పోర్లు. గాలి వాటిని పై ఆకుకీ, పక్క మొక్కకీ, పక్క చేనుకీ మోసుకుపోతుంది.

మచ్చలు కలిసిపోయి ఆకు మొత్తం మాడిపోతే ఏమవుతుంది? గింజకి కావలసిన తిండి ఆకులోనే తయారవుతుంది. ముఖ్యంగా కంకి దగ్గరి ఆకు, దాని పైనున్న ఆకులు. అవి పచ్చగా ఉంటే గింజ నిండుతుంది. పీచు వచ్చే సమయానికే తెగులు వాటి దాకా ఎక్కేస్తే, తట్టుకోలేని రకంలో దిగుబడి సగానికి పడిపోవచ్చు. అదే తెగులు పీచు వచ్చిన ఆరు వారాల తర్వాత వస్తే నష్టం చాలా తక్కువ, ఎందుకంటే అప్పటికే గింజ నిండిపోయి ఉంటుంది. ఈ 'ఎప్పుడు వచ్చింది' అనే సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్లీ అవసరం పడుతుంది.

కొండకి ఎందుకింత కోపం?

లంబసింగి వెళ్లారా మీలో ఎవరైనా? తెల్లారుజామున బైక్‌ల మీద వెళ్లి, మంచులో సెల్ఫీలు దిగి, బొంగులో చికెన్ తిని వచ్చేస్తాం. మనకి ఆ చలి, ఆ తడి ఎంత ఇష్టమో ఈ శిలీంధ్రానికీ అంతే ఇష్టం. దీనికి 18 నుంచి 27 డిగ్రీల వేడి చాలు. దాంతోపాటు ఆకు మీద ఓ 6 నుంచి 18 గంటలు తడి ఆరకుండా ఉండాలి. వాన పడాలని కూడా లేదు, మంచు కురిసినా సరిపోతుంది.

మైదానంలో వానాకాలంలో ఎండ కాస్తే వేడి 30 దాటుతుంది, ఆకు తొందరగా ఆరిపోతుంది. అక్కడ ఈ తెగులు ఎక్కువగా రబీలో, చలి పెరిగాక కనిపిస్తుంది. దాదాపు 1000 మీటర్ల ఎత్తులో కొండ మీద అయితే వానాకాలం మొత్తం దానికి పండగే. మబ్బు, సన్నటి జల్లు, పొద్దెక్కేదాకా వీడని పొగమంచు ఉంటాయి. అందుకే కింద బాగున్న రకం పైన పడిపోయిందంటే ఆశ్చర్యం లేదు. విత్తనం ఒక్కటే, వాతావరణం వేరు.

'మందు కొట్టొచ్చు కదా' అంటారు. మాంకోజెబ్ లీటరు నీటికి 2.5 గ్రాములు కలిపి కొట్టమని సిఫార్సు ఉంది, నిజమే. కానీ కొండవాలు మీద ఎకరానికి సరిపడా నీళ్లు ఎవరు మోస్తారు? తలెత్తు దాటిన పైరులోకి డ్రమ్ము వీపున కట్టుకుని ఎవరు దిగుతారు? కొట్టిన సాయంత్రమే వాన పడితే మందు కొట్టుకుపోతుంది, డబ్బులూ పోతాయి. ఇంకోటి, కొండ ఊళ్లలో గింజ మనిషికి, చొప్ప పశువుకి. ఆకు మాడిపోతే పశువు మేత కూడా పోయినట్టే. కాబట్టి కొండ రైతుకి ముందు నిలబడాల్సింది విత్తనమే. మందు ఆ తర్వాత సంగతి.

అల్మోరాకి వెళ్దాం

ఇప్పుడు మిమ్మల్ని ఉత్తరాఖండ్ తీసుకెళ్తాను. ఎందుకంటే మన దేశంలో కొండ మొక్కజొన్న మీద ఎక్కువ కాలంగా పని చేస్తున్న చోట్లలో అల్మోరా ఒకటి. మొక్కజొన్నని అక్కడ 'మక్కా' అంటారు. తెలంగాణలో మనవాళ్లు 'మక్క' అంటారు కదా, అదే మాట.

అల్మోరాలో వివేకానంద పర్వతీయ కృషి అనుసంధాన సంస్థ ఉంది. దీని కథ బాగుంటుంది. బశీశ్వర్ సేన్ అనే శాస్త్రవేత్త, అందరూ బోషీ సేన్ అనేవారు, జగదీశ్ చంద్రబోస్ దగ్గర పని చేసినవాడు. 1924లో కోల్‌కతాలో వివేకానంద ల్యాబొరేటరీ అని చిన్నగా మొదలుపెట్టాడు. 1936లో దాన్ని అల్మోరాకి మార్చాడు. 1974లో అది భారత వ్యవసాయ పరిశోధనా మండలిలో చేరింది. దాని ప్రయోగ క్షేత్రం హవాల్‌బాగ్‌లో ఉంది, దాదాపు 1250 మీటర్ల ఎత్తులో. తొందరగా కోతకి వచ్చే 'వివేక్' హైబ్రిడ్లు అక్కడివే.

మరి హవాల్‌బాగ్ లాంటి చోటుకి ఎందుకంత విలువ? అక్కడ ఈ తెగులు ఏటా వస్తుంది, గట్టిగా వస్తుంది. శాస్త్రవేత్తలు ఇలాంటి చోట్లని 'హాట్ స్పాట్' అంటారు. హిమాచల్‌లో కులూ లోయలోని బజౌరా ఇంకోటి. దక్షిణాదిలో కర్ణాటకలో ధార్వాడ, మండ్య ప్రాంతాలు ఈ పనికి వాడతారు. చూడండి, రైతు ఏ ఊరిని శాపం అనుకుంటాడో ఆ ఊరే పరీక్షకి వరం. రోగం దాక్కోడానికి వీల్లేని చోట నిలబడిన రకాన్ని నమ్మొచ్చు.

మన దేశంలో మొక్కజొన్న మీద అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం 1957లో మొదలైంది. అన్ని పంటల్లోకీ ఇలాంటి పథకం మొదట వచ్చింది మొక్కజొన్నకే. 1961లో వచ్చిన మొదటి హైబ్రిడ్లలో ఒకదాని పేరు 'దక్కన్'. అది మన హైదరాబాద్‌లో తయారైంది. ఆ పథకంలో దేశాన్ని మండలాలుగా, అంటే జోన్లుగా విడగొట్టారు. ఉత్తర పర్వత మండలం ఒకటి, ద్వీపకల్ప మండలం ఒకటి, ఇలా. ఒక రకం ఏ జోన్‌లో వరుసగా పరీక్షలు గెలిస్తే ఆ జోన్‌కే సిఫార్సు చేస్తారు.

ఇప్పుడు మన సమస్య అర్థమవుతోందా? ఆంధ్ర, తెలంగాణ రెండూ ద్వీపకల్ప మండలంలో ఉన్నాయి. ఆ లెక్కలో పాడేరు కొండా, కరీంనగర్ మైదానమూ ఒకే జోన్. కానీ రెండు చోట్లా తెల్లారి ఆకు మీద తడి ఒకటేనా? జోన్ అనేది పెద్ద గీత. మన చేను ఆ గీతలో ఒక చిన్న చుక్క. అందుకే ప్యాకెట్ మీద మాట అబద్ధం కాకపోయినా, మన చేనుకి అది పూర్తి నిజం కాకపోవచ్చు.

పరీక్ష చేను ఎలా వేస్తారు?

సరే, ఇప్పుడు అసలు పని. ఓ ఇరవై రకాల్ని పరీక్షించాలనుకుందాం. వరుసగా ఇరవై మళ్లు వేసేసి, ఏది పచ్చగా ఉంటే అది మంచిదంటే సరిపోతుందా? కొండ మీద అస్సలు సరిపోదు.

కొండ చేను మెట్లు మెట్లుగా ఉంటుంది. పై మెట్టులో మట్టి పల్చన, నీరు నిలవదు, గాలి తగిలి ఆకు తొందరగా ఆరిపోతుంది. కింది మెట్టులో మట్టి లోతు, తేమ ఎక్కువ, మంచు ఆలస్యంగా వీడుతుంది. ఒక పక్క చెట్టు నీడ పడుతుంది. మనం ఇష్టపడి కొన్న రకాన్ని పై మెట్టులో వేసి, పాత రకాన్ని కింద వేశామనుకోండి. గెలిచింది రకమా, మెట్టా? ఎలా చెప్తాం?

అందుకే రెండు పనులు చేస్తారు. ఒకటి, ప్రతి రకాన్నీ కనీసం రెండు మూడు చోట్ల వేస్తారు. పై మెట్టులో ఒకసారి, మధ్యలో ఒకసారి, కింద ఒకసారి. ఒక్కో మెట్టులో అన్ని రకాలూ ఉండాలి. రెండు, ఏ మడిలో ఏ రకం వేయాలో మనసుకి తోచినట్టు కాకుండా చీటీలు వేసి తేలుస్తారు. చిన్నప్పుడు చిట్టీల ఆట ఆడాం కదా, అదే. దీనివల్ల మెట్టు బలం, నీడ, మన ఇష్టం ఇవేవీ ఒకే రకానికి ఎప్పుడూ సాయం చేయవు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం. పరీక్ష చేలో కావాలని ఒక బలహీనమైన రకాన్ని కూడా వేస్తారు. తెగులు వస్తే తప్పకుండా పడిపోతుందని ముందే తెలిసిన రకం అది. మళ్ల మధ్య సాళ్లలోనూ, చేను చుట్టూ గట్టు పక్కనా కూడా వేస్తారు. ఎందుకు? అది రెండు పనులు చేస్తుంది. మొదటిది, తెగులుని పట్టుకుని చేనంతా పంచుతుంది. రెండోది, సాక్ష్యం చెప్తుంది. అది మాడిపోయి, దాని పక్కనే కొత్త రకం పచ్చగా నిలబడితే ఆ పచ్చదనానికి విలువ. అదే పచ్చగా ఉంటే ఆ ఏడాది తెగులు సరిగా రాలేదన్నమాట. అప్పుడు 'అన్ని రకాలూ తట్టుకున్నాయి' అని రాయకూడదు. ఆ ఏడాది పరీక్ష జరగలేదని రాయాలి.

అన్ని ఏళ్లూ రోగం దానంతట అదే రాదు కాబట్టి పరిశోధన క్షేత్రాల్లో దాన్ని చేత్తో కూడా పెడతారు. ఉడికించి శుద్ధి చేసిన జొన్న గింజల మీద ఈ శిలీంధ్రాన్ని పెంచి, ఆరబెట్టి, పైరు నెల రోజుల వయసులో ఉన్నప్పుడు ఒక్కో మొక్క ఆకు సుడిలో చిటికెడు వేస్తారు. తర్వాత నీళ్లు చల్లి తడి ఉంచుతారు. ఈ పని శాస్త్రవేత్తలకి వదిలేయండి, ప్లీజ్. మన చేలోకి మనమే రోగాన్ని తెచ్చుకోకూడదు. పక్కవాళ్ల చేను కూడా ఉంది కదా.

మార్కులు వేసేది ఎలా?

తెగులు కొలవడానికి స్కేలు ఉంది. మన దేశంలో ఎక్కువగా వాడింది పాయక్, శర్మ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1983లో ఇచ్చిన 1 నుంచి 5 స్కేలు. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

1 అంటే కింది ఆకుల మీద అక్కడక్కడా ఒకటి రెండు మచ్చలు.
2 అంటే కింది ఆకుల మీద ఓ మోస్తరు మచ్చలు, పైన ఏమీ లేవు.
3 అంటే కింది ఆకుల నిండా మచ్చలు, మధ్య ఆకుల మీద కొన్ని.
4 అంటే కింద, మధ్యలో నిండా మచ్చలు, పై ఆకులకీ ఎక్కాయి.
5 అంటే దాదాపు అన్ని ఆకుల మీదా మచ్చలు, మొక్క ముందే ఎండిపోతుంది.

గమనించారా? ఇందులో మార్కు తక్కువైతేనే మంచిది. 2 లోపు ఉంటే తట్టుకునే రకం, 3 దాటితే లొంగిపోయే రకం. స్కూల్ మార్కులకి ఉల్టా.

ఇక్కడ రెండు తప్పులు బాగా జరుగుతాయి. మొదటిది తేదీ తప్పు. ఒక రకం 50 రోజులకే పీచు వేస్తుంది, ఇంకోటి 65 రోజులకి. ఒకే రోజు వెళ్లి రెండింటికీ మార్కులు వేస్తే, ముందు ముదిరిన దానికి అన్యాయం. పీచు వచ్చాక ఆకు ముదిరే కొద్దీ తెగులు వేగంగా ఎక్కుతుంది కాబట్టి ఆలస్యంగా కాపుకొచ్చే రకం ఆ రోజుకి పచ్చగానే కనిపిస్తుంది. కానీ కొండ రైతుకి తొందరగా చేతికొచ్చే పంట కావాలి, వెనక ఇంకో పంట వేసుకోవాలి, చలి ముదరకముందే కోసుకోవాలి. అందుకే ప్రతి రకానికీ పీచు వచ్చిన రోజు రాసుకుని, అక్కడి నుంచి రెండు వారాలకి, నాలుగు వారాలకి అని లెక్కపెట్టాలి. ఒకే కాలంలో కోతకొచ్చే రకాల్నే ఒకదానితో ఒకటి పోల్చాలి.

రెండోది, ఒక్కసారే చూడటం. ఒక లెక్క చెప్తాను, ఇవి అర్థం కావడానికి నేను వేసిన అంకెలు మాత్రమే. రెండు రకాలున్నాయి. ఆఖరి రోజు రెండింటిలోనూ ఆకు 60 శాతం మాడిపోయింది. సమానమే అనిపిస్తుంది కదా? ఇప్పుడు వెనక్కి వెళ్దాం. మొదటి రకం ఇరవై రోజుల ముందు 10 శాతం, పది రోజుల ముందు 40 శాతం, ఆఖర్న 60. రెండో రకం 5, తర్వాత 20, ఆఖర్న 60. ప్రతి పది రోజుల సగటునీ పదితో గుణించి కలపండి. మొదటిదానికి 250 ప్లస్ 500, అంటే 750. రెండోదానికి 125 ప్లస్ 400, అంటే 525. గింజ నిండే ఆ ఇరవై రోజుల్లో రెండో రకం ఆకులు ఎక్కువ రోజులు పచ్చగా పని చేశాయి. మనకి కావలసింది అదే. తెగులు అసలే రాని రకం దొరకడం కష్టం. తెగుల్ని నెమ్మదిగా నడిపించే రకం దొరుకుతుంది, అది మన ఇంటికి నాలుగు బస్తాలు ఎక్కువ తెస్తుంది.

అలాగే చివరికి దిగుబడి తూచాలి. కొన్ని పరీక్షల్లో ఒక్కో రకాన్ని రెండు మళ్లుగా వేస్తారు. ఒకదానికి మందు కొట్టి తెగులు రాకుండా చూస్తారు, ఇంకోటి వదిలేస్తారు. రెండింటి దిగుబడికీ తేడా ఎంత? మచ్చలు బాగానే వచ్చినా దిగుబడి పెద్దగా తగ్గని రకాలుంటాయి. అసలు మచ్చే రాకపోయినా దిగుబడి మొదటి నుంచీ తక్కువ ఉండే రకాలూ ఉంటాయి. ఉత్త పచ్చదనం చూసి ఎంచుకుంటే గాదె నిండదు.

ఒకే పిన్ నంబర్ కథ

గెలిచిన రకం ఎప్పటికీ గెలుస్తూనే ఉంటుందా? ఉండకపోవచ్చు. ఎందుకో మీ ఫోన్‌తోనే చెప్తాను. మీ కాలేజీలో అందరి ఫోన్లకీ ఒకే పిన్ నంబర్ ఉందనుకోండి. దొంగకి అది ఒక్కసారి తెలిస్తే ఎన్ని ఫోన్లు తెరుచుకుంటాయి? అన్నీ!

1960ల మొదట్లో అమెరికాలో ఈ తెగుల్ని ఆపే ఒక జన్యువుని గుర్తించారు. పేరు హెచ్‌టీ-1. అది ఉన్న మొక్కలో మచ్చ పెరగదు, పసుపు గీతగా ఆగిపోతుంది. రైతులకి పెద్ద మేలు జరిగింది. కానీ 1970ల్లో హవాయిలో హెచ్‌టీ-1 ఉన్న మొక్కని కూడా మాడ్చే శిలీంధ్రం కనిపించింది. దొంగకి పిన్ తెలిసిపోయింది. తర్వాత ఇంకో జన్యువు, హెచ్‌టీఎన్, మెక్సికోలో రైతులు పండించుకునే 'పెపితియా' అనే నాటు రకంలో దొరికింది. ఇది మచ్చ రావడాన్నే ఆలస్యం చేస్తుంది. 2015లో శాస్త్రవేత్తలు అది ఎలా పని చేస్తుందో కొంత కనిపెట్టారు. కణం గోడ దగ్గర కాపలా ఉండే ఒక ప్రోటీన్‌ని అది తయారుచేస్తుంది. ఎక్కడో కొండల్లో ఎవరో రైతులు దాచుకున్న విత్తనం ప్రపంచానికి పనికొచ్చింది చూడండి. మన నాటు రకాల్ని కూడా 'దిగుబడి లేదు' అని ఒక్క మాటతో పారేయకండి.

ఒకే రకం మీద ఆధారపడితే ఏమవుతుందో 1970లో అమెరికా చూసింది. అది ఇంకో శిలీంధ్రం, ఇంకో ఆకు ఎండు తెగులు. అప్పట్లో వాళ్ల మొక్కజొన్నలో దాదాపు 85 శాతం విత్తనంలో ఒకే రకం కణద్రవ్యం ఉండేది, దాన్ని 'టెక్సాస్' అనేవారు. హైబ్రిడ్ విత్తనం తయారుచేయడం తేలికవుతుందని అందరూ అదే వాడారు. దానికి సరిగ్గా సరిపోయే శిలీంధ్రం వచ్చింది. ఒక్క ఏడాదిలో దేశం పంటలో దాదాపు 15 శాతం పోయింది. నష్టం దాదాపు 100 కోట్ల డాలర్లు. అంత పెద్ద దేశం, అన్ని ల్యాబులూ ఉండి కూడా!

అందుకే ఇప్పుడు ఒక్క పెద్ద జన్యువు మీదే కాకుండా చిన్న చిన్న బలాలు చాలా కలిసిన రకాల కోసం వెతుకుతున్నారు. అందుకే పరీక్ష ఒక్కసారితో అయిపోదు. మూడేళ్లు పాసైన రకాన్ని కూడా ఏటా గమనిస్తూ ఉండాలి.

మరి ఆ తమ్ముడు ఏం చేయాలి?

ముందు నాన్నగారితో ఒక మాట చెప్పు తమ్ముడూ. తప్పు ఆయనది అని ఎవరూ అనలేరు. ప్యాకెట్ మీద ఉన్నది చదివి, ఉన్న డబ్బుతో ఉన్నంతలో మంచి విత్తనం కొన్నాడు. ఆయన దగ్గర లేనిది ఒక్కటే, తన కొండ మీద ఆ రకం ఎలా ఉంటుందనే లెక్క. ఆ లెక్క ఇప్పుడు నువ్వు రాయాలి.

ఫొటో చూస్తే టర్సికమ్‌లానే ఉంది. కానీ ఫొటో చూసి ఖాయం చేయకూడదు. మచ్చలున్న ఆకుల్ని కాగితంలో పెట్టుకుని దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లు. చింతపల్లిలో వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధనా స్థానం కూడా ఉంది. విత్తనం బిల్లు, ప్యాకెట్ దాచి ఉంచు. కోత అయ్యాక తెగులు ఉన్న మోళ్లు, ఆకులు చేలో వదిలేయొద్దు, శిలీంధ్రం వాటిలోనే వచ్చే సీజన్ దాకా బతుకుతుంది. పశువులకి వేయడమో, లోతుగా దున్ని మట్టిలో కలిపేయడమో చేయండి. అదే మడిలో మళ్లీ మొక్కజొన్న కాకుండా వేరే పంట తిప్పండి. మీ వైపు రాజ్మా ఉంది కదా, బాగుంటుంది.

ఇక వచ్చే వానాకాలానికి చిన్న పరీక్ష. నాలుగు రకాలు తీసుకో. మొన్న మాడిపోయిన రకం ఒకటి, అది నీ సాక్షి. మీ ఊరి నాటు రకం ఒకటి. పరిశోధనా స్థానంలో అడిగి తెచ్చుకున్న కొత్తవి రెండు. పై మెట్టు, మధ్య మెట్టు, కింది మెట్టు, మూడు చోట్లా నాలుగూ వేయి. ఒక్కో రకానికి నాలుగు సాళ్లు చాలు. ఏది ఎక్కడో చీటీ తీసి తేల్చు. అన్నీ ఒకే రోజు విత్తు, ఎరువు ఒకేలా వేయి, ఆ మళ్లలో తెగులు మందు కొట్టకు. కర్రల మీద పేర్లు రాయకుండా నంబర్లు రాయి. పేరు కనబడితే మన కన్ను పక్షపాతం చూపిస్తుంది.

ఫోన్‌లో ఒక నోట్ తెరువు. ప్రతి నంబర్‌కీ పీచు వచ్చిన తేదీ రాయి. అక్కడి నుంచి రెండు వారాలకి, నాలుగు వారాలకి మధ్య రెండు సాళ్లలో పది మొక్కలు చూసి 1 నుంచి 5 మార్కులు వేయి. గట్టు పక్క సాళ్లు లెక్కలోకి తీసుకోకు. ప్రతిసారీ ఫొటో తీయి, తేదీ దానంతట అదే సేవ్ అవుతుంది. కోతప్పుడు ఒక్కో మడి కంకులు విడిగా తూచు. ఒక మాట అమ్మని కూడా అడుగు: ఏ గింజ సంకటికి బాగుంది, ఏ చొప్ప పశువులు మిగల్చకుండా తిన్నాయి? అది కూడా మార్కే.

ఒక్క సీజన్‌తో తీర్పు రాదు, నిజమే. కానీ వచ్చే ఏడు ఎకరంన్నరా ఒకే ప్యాకెట్ మీద పందెం కాయాల్సిన పని ఉండదు. ఊళ్లో ముగ్గురు నలుగురు కుర్రాళ్లు కలిసి తలా ఒక కొండ మీద ఇదే చేశారనుకోండి, మీ దగ్గర ఏ షాపులోనూ దొరకని సమాచారం ఉంటుంది. అది మీ కొండది, మీ మంచుది, మీ నేలది.

ఈ సారి ఎవరైనా 'ఈ రకం తెగులును తట్టుకుంటుంది' అంటే మర్యాదగా రెండు ప్రశ్నలు అడగండి. ఎక్కడ పరీక్షించారు? అక్కడ పక్క మడి మాడిపోయిందా? రెండో ప్రశ్నకి అవునంటేనే మొదటి మాట నమ్మండి.

ఇదండీ ఈ రోజు ముచ్చట. మీ ఇంట్లో ఇలాంటి అనుభవం ఉంటే కామెంట్‌లో రాయండి. ఆకు ఫొటో పెడితే ఊరి ఎత్తు, విత్తిన తేదీ, పీచు వచ్చిన తేదీ కూడా రాయండి. ఆ తమ్ముడు చీటీలు వేయడానికి ఒప్పుకున్నాడు, వానాకాలం అయ్యాక వాళ్ల లెక్కలు ఏమొచ్చాయో మళ్లీ ఒక ఎపిసోడ్‌లో చూద్దాం. కొండ మీద చుట్టాలుంటే ఈ వీడియో వాళ్లకి పంపండి. ఉంటాను మరి, నమస్తే.